ఎలుక మరిచిపోయిందా, దానికి కనిపించలేదా?

"ఎలుకకి మతిమరుపు వచ్చిందని మీకెలా తెలుస్తుందమ్మా?"

ఎథిక్స్ కమిటీ మీటింగులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగినాయన సైంటిస్టు కాదు. జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఇలాంటి కమిటీ ఉండాలి, అందులో సైన్సుతో సంబంధం లేని సభ్యుడు ఒకరైనా ఉండాలి, అది మన దేశంలో నియమం. మా దగ్గర ఆ కుర్చీలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు కూర్చునేవారు. మిగతా సభ్యులు నా ఫారం బి (ప్రయోగానికి అనుమతి అడిగే దరఖాస్తు) తిరగేస్తూ ఎన్ని ఎలుకలు, ఏ మత్తుమందు, ఎంత మోతాదు అని అడుగుతుంటే, ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఈ ఒక్క మాట అడిగారు.

నేను తడుముకోకుండా చెప్పాను. "తొట్టెలో నీళ్ళు పోసి ఈదిస్తాం సార్. నీళ్ళ కింద ఒకచోట చిన్న దిమ్మె ఉంటుంది. అదెక్కడుందో నాలుగైదు రోజులు నేర్పిస్తాం. నేరుగా వెళ్ళి ఎక్కితే గుర్తున్నట్టు. లేకపోతే మర్చిపోయినట్టు."

ఆయన "ఊఁ" అని ఏదో రాసుకున్నారు. అనుమతి వచ్చింది. నేను అంత తేలిగ్గా అనేసిన "లేకపోతే" అన్న మాట నన్ను ఏడాది తిప్పింది.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరేటప్పటికి నాకు అల్జీమర్స్ అంటే పుస్తకాల్లో జబ్బు కాదు. మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడంతో మొదలైంది. తర్వాత తాళాలు బియ్యం డబ్బాలో దొరకడం, రాత్రి లేచి బాత్రూమ్‌కి వెళ్ళబోయి వంటింట్లోకి వెళ్ళి నిలబడిపోవడం. "చూపు ఆనట్లేదు, శుక్లాలు ముదిరాయి" అన్నారు ఇంట్లో. అందరం నమ్మాం. గుంటూరు తీసుకెళ్ళి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించాం. కళ్ళు బాగుపడ్డాయి. సూదిలోకి దారం ఎక్కించేది. అయినా రాత్రిపూట వంటింట్లోనే నిలబడేది. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

అందుకే మా గైడు మేడమ్ "డిమెన్షియా మీద, అంటే ఈ మతిమరుపు జబ్బుల మీద, పని చేస్తావా, ఎలుకల కాలనీ ఉంది" అంటే రెండో ఆలోచన లేకుండా సరేనన్నాను.

ఊరికి వెళ్ళినప్పుడు ఈ పని గురించి చెబితే అందరూ అడిగేది ఒకటే: ఎలుకలకి కూడా మతిమరుపు వస్తుందా? అల్జీమర్స్ రాదు. ఎలుక బతికేది రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. ముసలిదై బొచ్చు ఊడినా దాని మెదడులో అల్జీమర్స్ గడ్డలు కట్టవు. ఆ గడ్డలు అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రొటీన్ ముక్కతో కడతాయి. ఎలుకకీ ఆ ముక్క ఉంది కానీ, మన దానితో పోలిస్తే మూడు అమైనో ఆమ్లాల తేడా. అంత చిన్న తేడాకే అది ఒకదానికొకటి అంటుకోవడం బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఎలుకలో ఈ జబ్బు లక్షణాలు చూడాలంటే మనిషి జన్యువు దాని కణంలో పెట్టాలి. అది కూడా మామూలు జన్యువు కాదు, చిన్న వయసులోనే జబ్బు తెచ్చే కుటుంబాల్లో దొరికిన, తప్పు పడ్డ జన్యువు.

మా కాలనీలోవి 5ఎక్స్‌ఫ్యాడ్ ఎలుకలు. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో రాబర్ట్ వాసర్ బృందం తయారుచేసి 2006లో ప్రకటించింది. పేరులోని అయిదు అంటే అయిదు తప్పులు: అమిలాయిడ్ పుట్టే ఏపీపీ జన్యువులో మూడు, దాన్ని కత్తిరించే ప్రెసెనిలిన్ జన్యువులో రెండు. ఏపీపీలోని మూడింటికీ స్వీడిష్, ఫ్లోరిడా, లండన్ అని పేర్లు. చేరిన మొదటి వారం వీటిని గోడ మీద కాగితంలో బట్టీ పట్టాను. తర్వాత ఎప్పుడో లండన్ మార్పు కథ చదివాను.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ వైపు కేరల్ జెన్నింగ్స్ అనే టీచరు ఉండేవారు. ఆవిడ తండ్రికీ, ఆయన తోబుట్టువుల్లో కొందరికీ యాభైల్లోనే మతి తప్పడం మొదలైంది. 1980లలో ఆవిడ లండన్‌లోని పరిశోధకులకి ఉత్తరం రాశారు: మా ఇంట్లో ఇది వరసగా వస్తోంది, మేము మీకు పనికొస్తామా అని. ఆ కుటుంబం ఇచ్చిన రక్తంలోంచే 1991లో జాన్ హార్డీ బృందం ఏపీపీ జన్యువులో 717వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిందని పట్టుకుంది. అల్జీమర్స్ తెచ్చే జన్యుమార్పు దొరకడం అదే మొదలు. ఆవిడకి కూడా యాభైల్లోనే జబ్బు వచ్చింది. 2024లో చనిపోయారు.

అది చదివిన రోజు పంజరం దగ్గరికి వెళ్ళి ఒక ఎలుకని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. దాని ప్రతి కణంలోనూ ఆ ఇంట్లో కనిపెట్టిన మార్పు ఉంది. ఆ తర్వాత కాగితం మీద ఆ అక్షరాలు చూసినప్పుడల్లా నాకు ఉత్తరం రాస్తున్న ఒక కూతురు కనబడేది.

ఇక పనిలోకి వస్తాను.

యానిమల్ హౌస్‌లో పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. గౌను, మాస్కు, బూటు కవర్లు. మల్లెపూలు పెట్టుకుని వెళ్ళకూడదు, సెంటు పూసుకోకూడదు, తలకి ఆమ్లా నూనె రాసుకున్నా ఎలుకకి తేడా తెలుస్తుంది. నేను మూడేళ్ళు పూలు మానేశాను. మా అమ్మకి ఇది ఎలా చెప్పినా అర్థం కాలేదు.

ఆడ ఎలుక మూడు వారాలకి ఈనుతుంది. పిల్లలు మొదట గులాబీ రంగు చిక్కుడు గింజల్లా ఉంటాయి. ఇరవై ఒకటో రోజున తల్లి నుంచి విడదీయాలి. అప్పుడే చెవికి చిన్న చిల్లు పెట్టి నంబరు, తోక కొస రెండు మిల్లీమీటర్లు కత్తిరించి ట్యూబులో వేయడం. ఆ కొసలోంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ పద్ధతిలో కావలసిన ముక్కని ఎన్నో కాపీలు చేసి జెల్ మీద నడిపిస్తే, మనిషి జన్యువు ఉన్నవాటికి ఒక గీత వెలుగుతుంది, లేనివాటికి వెలగదు. ఒక కాన్పులో ఎనిమిది పిల్లలుంటే సగటున నాలుగింటికి ఉంటుంది. మిగతా నాలుగూ మామూలువి. ఈ మామూలువే నాకు పోలిక. ఒకే తల్లి పాలు తాగి, ఒకే పంజరంలో పెరిగిన అన్నదమ్ములు. ఒకదానికి అయిదో నెలకల్లా మెదడు నిండా గడ్డలు, పక్కన పడుకున్నదానికి ఏమీ లేదు.

చూడటానికి ఏ తేడా తెలియదు. ఈ కాలనీ రెండు జాతుల సంకరం కాబట్టి రంగులు మాత్రం రకరకాలు: నలుపు, గోధుమ, బూడిద, తెలుపు. ఆ రంగుల వెనకే నా పొరపాటు దాగుందని అప్పుడు నాకు తెలియదు.

మొదటి విడత ఇరవై నాలుగు ఎలుకలు. పన్నెండు జబ్బువి, పన్నెండు మామూలువి. ఏది ఏదో నాకు తెలియకూడదు. తెలిస్తే స్టాప్‌వాచీ మీద చెయ్యి తనకి తెలియకుండానే పక్షపాతం చేస్తుంది. నంబర్ల చిట్టా నా సీనియర్ దగ్గర, ఆమె బీరువాలో.

నీళ్ళ పరీక్షని రిచర్డ్ మోరిస్ 1980ల మొదట్లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో రూపొందించారు. గుండ్రటి తొట్టె, నీళ్ళల్లో విషం లేని తెల్ల పోస్టర్ రంగు కలుపుతాం, దిమ్మె కనబడకుండా. దిమ్మె నీటి మట్టానికి ఒక సెంటీమీటరు కింద ఉంటుంది. చుట్టూ గోడల మీద పెద్ద పెద్ద గుర్తులు: ఒకవైపు నల్ల త్రిభుజం, ఒకవైపు చారలు, ఒకవైపు గుండ్రం. ఎలుక ఈ గుర్తులు చూసుకుని "త్రిభుజానికి ఎడమవైపు, గోడకి ఇంత దూరంలో" అన్నట్టు మనసులో పటం గీసుకుంటుంది. ఆ పటం గీసేది మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం. అల్జీమర్స్ ముందుగా దెబ్బకొట్టే చోట్లలో అదొకటి. నేను కూడా గదిలో ఒక గుర్తునే, కాబట్టి రోజూ ఒకే మూల, ఒకేలా నిలబడాలి.

రోజుకి నాలుగుసార్లు, అయిదు రోజులు. ఒక్కోసారి అరవై సెకన్లు. దొరక్కపోతే మెల్లగా చేత్తో దారి చూపి దిమ్మె మీద పదిహేను సెకన్లు కూర్చోబెట్టాలి. తర్వాత తువ్వాలుతో తుడిచి దీపం కింద వెచ్చగా ఉంచాలి. ఎలుకకి నీళ్ళంటే ఇష్టం ఉండదు. అది భయంతో ఈదుతుందని నాకు తెలుసు. తుడిచేటప్పుడు వేలికి దాని గుండె తగులుతుంది, లెక్కపెట్టలేనంత వేగంగా. దీన్ని చిన్న విషయంలా రాయడం నాకు చేతకాదు. అందుకే ఆ ఇరవై నాలుగింటి చెమట, భయం వృథా అయ్యాయని తెలిసినప్పుడు నాకు పరీక్ష తప్పినంత బాధ కాదు, అంతకు మించింది కలిగింది.

అయిదో రోజు సాయంత్రం సీనియర్ చిట్టా తీసింది. జబ్బువి ఆలస్యంగా చేరాయి, అనుకున్నట్టే. కానీ మామూలు వాటిలో మూడు కూడా దారుణంగా తప్పాయి. తొట్టె గోడ పట్టుకుని అంచు వెంబడే తిరిగి తిరిగి అలిసిపోయాయి. జన్యువు లేదు, గడ్డలు ఉండవు, ఎందుకు మర్చిపోతాయి?

ఆ మూడింటినీ తీసేస్తే గ్రాఫ్ ఎలా వస్తుందో గీసి చూశాను. చాలా అందంగా వచ్చింది. మేడమ్‌కి చూపించాను. ఆవిడ గ్రాఫ్ వైపు కాదు, నా వైపు చూశారు. "తియ్యడానికి కారణం చెప్పు. గ్రాఫ్ బాగుండటం కారణం కాదు."

కారణం చెప్పింది మా యానిమల్ హౌస్ అన్న. పంజరాలు కడిగి, మేత వేసి, మొక్కజొన్న బెండు పొట్టు మార్చే మనిషి. వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచి గొర్లు. ఒకరోజు ఆ మూడింట్లో ఒకదాన్ని చూపించి, ఇది ఎందుకిలా చేస్తుందో అర్థం కావట్లేదు అన్నా, దీనికేం జబ్బు లేదు కానీ దారి గుర్తుండట్లేదు అన్నాను. ఆయన మూత తీసి, ఎలుక మీదుగా చెయ్యి అటూ ఇటూ పోనిచ్చాడు. పక్క పంజరంలోవి నీడ పడగానే బిగుసుకుపోయాయి. ఇది మాత్రం మూతి కడుక్కుంటూ కూర్చుంది.

"మేడం, దీనికి మతి లేక కాదు. కండ్లే కనవడ్తలేవు."

నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

ఆ సాయంత్రమే తొట్టె నింపి, దిమ్మెని నీళ్ళ పైకి వచ్చేలా ఎత్తి, దాని మీద ఎర్ర జెండా గుచ్చాం. ఈ పరీక్షకి జ్ఞాపకం అక్కర్లేదు, చూపుంటే చాలు. మామూలు ఎలుక నేరుగా జెండా వైపు వెళ్ళింది. ఈ మూడూ మళ్ళీ గోడ వెంబడే.

నిజానికి ఈ జెండా పరీక్ష మొదట్లోనే చేయాల్సింది. ఎవరి పద్ధతి చూసినా ఉంటుంది. రెండు రోజులు ఆదా అవుతాయని నేను చివరికి నెట్టాను, చివర్లో టైము లేదని మానేశాను.

తర్వాత ఫైలు తిరగేస్తే అంతా అక్కడే ఉంది. మా కాలనీ సంకరంలో ఒక జాతి ఎస్‌జేఎల్. ఆ జాతికి కంట్లో వెలుతురుని పట్టే రెటీనా పొరని పాడుచేసే ఆర్‌డీ1 అనే జన్యులోపం పుట్టుకతో ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చేరిన పిల్లకి, తల్లి నుంచి విడదీసే వయసుకే కంట్లోని వెలుతురు కణాలు దాదాపు చచ్చిపోతాయి. బయటికి కన్ను నల్లగా మెరుస్తూ, ఏ లోపం లేనట్టే ఉంటుంది. ఎలుకలతో పాటు వచ్చిన కాగితంలో ఈ మాట స్పష్టంగా రాసుంది. నాకు ముందు ఎవరో దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు కూడా. నేను చదవలేదు.

దాచిన తోక కొసల డీఎన్‌ఏతో ఆర్‌డీ1 పీసీఆర్ చేశాను. ఇరవై నాలుగులో ఏడు గుడ్డివి. మూడు మామూలువి, నాలుగు జబ్బువి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఒక్కో కాపీ దాగుంటే నాలుగో వంతు పిల్లలకి రావడం స్కూలు పాఠాల్లో లెక్క. అంటే "జబ్బు వల్ల మర్చిపోయాయి" అని నేను సంతోషపడ్డవాటిలో నాలుగు అసలు ఏ గుర్తులూ చూడనే లేదు.

మిగిలిన పదిహేడుతో లెక్క తేలదు. మళ్ళీ ఎలుకలు కావాలి. ఎక్కువ ఎలుకలంటే మళ్ళీ కమిటీ.

లెక్కల మాస్టారు అదే కుర్చీలో ఉన్నారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను, కాగితం చదవకపోవడంతో సహా. ఆయన కోప్పడలేదు. "అయితే పోయినసారి నా ప్రశ్నకి మీ దగ్గర సగం జవాబే ఉందన్నమాట" అన్నారు. అని, ఈసారి చూపు పరీక్ష ముందు పెడతామని ఫారంలో రాతపూర్వకంగా ఉండాలన్నారు. ఉంచాం. పదిమంది ప్రొఫెసర్ల దగ్గర నేర్చుకున్నదాని కంటే, గొర్ల ఇంటి నుంచి వచ్చిన అన్న చెయ్యి ఊపడమూ, ఈయన ఒక్క ప్రశ్నా నా పని తీరుని ఎక్కువ మార్చాయి. థీసిస్ మొదటి పేజీలో ఇద్దరికీ కృతజ్ఞత రాశాను.

ఆర్‌డీ1 లేని తల్లిదండ్రులని ఏరి జతకట్టించాం. ఈనడానికి మూడు వారాలు, ఎదగడానికి అయిదు నెలలు. ఎలుకల పనిలో తొందర అన్నది ఉండదు, తప్పు చేస్తే ఆరు నెలలు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ ఆరు నెలల్లో నేను ప్రతి ఎలుకనీ రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చేశాను.

రెండో విడత మే నెలలో పడింది. నీళ్ళు ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాద్ మే నెలలో ట్యాంకులోంచి వచ్చే నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. రోజూ పొద్దున్నే ఐసు దిమ్మెలు తెచ్చి తొట్టెలో వేసి, థర్మామీటర్ పట్టుకుని కూర్చునేదాన్ని. నీళ్ళు వెచ్చగా ఉంటే ఎలుక హాయిగా తేలుతూ ఉండిపోతుంది, మరీ చల్లగా ఉంటే వణికిపోతుంది. రెండూ మతిమరుపులాగే కనబడతాయి.

ముందు జెండా. అన్నీ చేరాయి, జబ్బు ఎలుకలతో సహా. తర్వాత జెండా తీసి, దిమ్మె ముంచి, అయిదు రోజులు. ఆరో రోజు అసలు పరీక్ష: దిమ్మె పూర్తిగా తీసేసి ఎలుకని వదలాలి. గుర్తున్నది దిమ్మె ఉండాల్సిన పావు భాగంలోనే తచ్చాడుతుంది, "ఇక్కడే కదా ఉండాలి" అన్నట్టు. గుర్తులేనిది నాలుగు పావులూ సమానంగా తిరుగుతుంది, ఒక్కోదాంట్లో పాతిక శాతం.

చిట్టా తెరిచినప్పుడు సీనియర్ ఒక్కో నంబరూ చదువుతుంటే నేను రెండు రంగుల పెన్నులతో చుక్కలు పెట్టాను. ఈసారి మామూలువన్నీ ఒకవైపు చేరాయి. జబ్బువి పాతిక గీత చుట్టూ మూగాయి. వాటికి కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, ఈదే వేగం సమానంగా ఉంది. జ్ఞాపకమే లేదు. ఇప్పుడు మాస్టారికి జవాబు చెప్పగలను అనిపించింది.

ఆ తర్వాతిది నాకు రాయడం కష్టం, కానీ వదిలేస్తే అబద్ధం అవుతుంది. మెదడులో ఏముందో చూడాలంటే ఎలుకని చంపాలి. లోతైన మత్తు ఇచ్చి, కాలి వేలు నొక్కినా కదలిక లేదని రూఢి చేసుకుని, గుండె ద్వారా ఉప్పునీళ్ళు, తర్వాత మెదడుని గట్టిపరిచే మందు పంపిస్తాం. నొప్పి తెలియదు. తెలియదని నాకు తెలుసు. అయినా మొదటి రోజు రెండు చేశాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. యానిమల్ హౌస్ అన్న టీ తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆరు నెలలు రోజూ చేతిలో పెట్టుకున్నదాన్ని ఆ చేత్తోనే. దీనికి అలవాటు పడ్డాననే వాళ్ళని నేను తప్పుపట్టను, కానీ నేను పడలేదు. పడకుండా ఉండటమే మంచిదని నా నమ్మకం: ఒక్క ఎలుకని కూడా అనవసరంగా ఫారంలో రాయకుండా ఆపేది ఆ బాధే.

ఎలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు. గడ్డకట్టించి, ముప్పై మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, థయోఫ్లావిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే గడ్డలు ఆకుపచ్చగా వెలుగుతాయి. మామూలు అన్నదమ్ముడి మెదడు చీకటి. జబ్బుదాని మెదడు దీపావళి రాత్రి మేడ మీద నుంచి చూసిన ఊరు. హిప్పోకాంపస్ అడుగున మరీ చిక్కగా. చూడటానికి అందంగా ఉండటం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

1906లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆలోయిస్ అల్జీమర్ వివరించింది ఈ గడ్డల గురించే. ఆయన చూసినది ఆగస్ట్ డీటర్ అనే యాభై అయిదేళ్ళ మహిళ మెదడు. ఆమె మెదడులో నరకణాల లోపల చిక్కుపడ్డ దారాలు కూడా ఉన్నాయి. అవి టౌ అనే మరో ప్రొటీన్‌వి. నా ఎలుకల్లో ఆ చిక్కులు లేవు. ఇంకో తేడా కూడా ఉంది: ఈ అయిదు మార్పులూ ఒక్క మనిషిలో కలిసి వచ్చిన కుటుంబం లేదు. అసలు ఇలా ఒక్క జన్యువు తప్పుతో జబ్బు వచ్చేవాళ్ళు మొత్తం రోగుల్లో నూటికి ఒక్కరు కూడా ఉండరు. కాబట్టి నా ఎలుకకి అల్జీమర్స్ ఉందని నేను అనను. అల్జీమర్స్‌లో ఒక ముక్క ఉంది అంటాను.

"ఎలుకల్లో మతిమరుపు పోయింది, మందు వచ్చేసింది" అని పేపర్లో పడ్డప్పుడల్లా మా పెదనాన్న ఫోన్ చేస్తాడు. ఆయనకి నేను చెప్పే కథ ఒకటుంది. 1999లో ఇలాంటి ఎలుకలకే అమిలాయిడ్‌ని టీకాలా ఇస్తే గడ్డలు కట్టలేదు, ముసలి ఎలుకల్లో ఉన్నవి కూడా తగ్గాయి. లోకమంతా సంబరపడింది. మనుషుల మీద పరీక్ష మొదలైంది. 2002లో ఆపేశారు, టీకా వేసుకున్నవాళ్ళలో సుమారు ఆరు శాతం మందికి మెదడు వాపు వచ్చింది కాబట్టి. ఎలుకలు ఈ ప్రమాదం గురించి ఏమీ చెప్పలేదు. కానీ ఆ దారి మూసుకుపోలేదు. టీకా బదులు నేరుగా యాంటీబాడీలు ఇవ్వడం మొదలైంది. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ ఆ దారిలోదే. పద్దెనిమిది నెలల్లో జబ్బు దిగజారడాన్ని 27 శాతం నెమ్మదింపజేసింది, అదీ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళలో. మెదడు వాపు, రక్తస్రావం భయం దానికీ ఉంది. "అంటే అత్తయ్యకి పనిచెయ్యదా?" అంటాడు. చెయ్యదు పెదనాన్నా, చాలా దూరం వెళ్ళిపోయింది అంటాను. ఫోన్లో కాసేపు ఇద్దరం మాట్లాడం.

ఎలుక ఎప్పటికీ చెప్పలేనివి కూడా ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒకే భాష మాట్లాడేవాళ్ళ కంటే దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైందని 2013లో ప్రచురించారు. చదువు రానివాళ్ళలో కూడా ఈ తేడా కనబడింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే ఈ ఊళ్ళోనే అది బయటపడటం నాకు గొప్పగా ఉంటుంది. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఒక జాతీయ సర్వే అంచనా. వీళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఇంకా శుక్లాలనే అనుకుంటున్నారో అని ఆలోచన వస్తుంది. ల్యాబ్‌లో నేను గుడ్డితనాన్ని మతిమరుపు అనుకున్నాను, మా ఇంట్లో మతిమరుపుని గుడ్డితనం అనుకున్నాం. మొదటి తప్పుకి ఆరు నెలలు పోయాయి. రెండోదానికి మూడేళ్ళు పోయాయి. ఆ మూడేళ్ళలో అమ్మమ్మని మేము విసుక్కున్న మాటలు నేను మర్చిపోలేను.

రెండో విడత అయ్యాక ఊరికి వెళ్ళాను. అమ్మమ్మ నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది. రాత్రి రెండింటికి లేచి, వరండాలో నిలబడి అటూ ఇటూ చూస్తోంది. గోడ పట్టుకుని నడుస్తోంది. అలా గోడ వెంబడి నడవడం నేను తొట్టెలో ఎన్నిసార్లు చూశానో. జెండా ఉన్నప్పుడు జబ్బు ఎలుకలు కూడా చేరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దారి మర్చిపోయిన మెదడుకి కూడా, ఎదురుగా కనబడేదాని వైపు వెళ్ళడం చాన్నాళ్ళు మిగిలే ఉంటుంది.

తెల్లారి బీరువాలోంచి ఆవిడదే పాత ఎర్ర జాకెట్టు గుడ్డ తీసి, చింపి, బాత్రూమ్ తలుపు గొళ్ళానికి కట్టాను. రాత్రంతా ఆ గుడ్డ మీదే పడేలా ఒక చిన్న బల్బు పెట్టించాను. వంటింటి తలుపు రాత్రిపూట మూసెయ్యమని అమ్మకి చెప్పాను. ఆ రాత్రి పడుకోకుండా చూశాను. రెండున్నరకి లేచింది. వరండాలో ఆగింది. తల ఎత్తింది. ఎరుపు కనబడింది. అటు నడిచింది.

అన్ని రాత్రులూ అలా జరగవు. మొన్న అమ్మ ఫోన్ చేసి, నిన్న మళ్ళీ వంటింటి తలుపు దగ్గరే నిలబడిపోయిందే, అరగంటసేపు అంది. గుడ్డ ఉందా అని అడిగాను. మురికిపట్టిందని ఉతికి ఆరేశానే, కట్టడం మర్చిపోయాను, ఇప్పుడే కడుతున్నా ఉండు అని ఫోన్ పక్కన పెట్టి వెళ్ళింది.